భయం చేరింది, పరీక్ష చేరలేదు

సార్వా ఊడ్పులు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలి ముఠాలు గోదావరి డెల్టాకు దిగుతాయి. ఎకరాకు ఇంతని గుత్త. ఒకరు గట్టెక్కి కూర్చుంటే ఆ బరువు మిగతావారి నడుముల మీద పడుతుంది. అందుకే తెల్లబట్ట ఆగకపోయినా, ముట్లు నిలిచిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, రొమ్ములో గడ్డ చేతికి తగిలినా ముఠాలోని ఆడకూలీ మేస్త్రీకి చెప్పదు. కొంగు బిగించి మళ్లీ మడిలో వంగుతుంది.

వీళ్లకు క్యాన్సర్ మీద అవగాహన లేదంటూ ఉంటాం. అది సగం నిజమే. భయం మాత్రం కావలసినంత ఉంది. 'గర్భసంచి తీయించుకో, లేదంటే క్యాన్సరవుతుంది' అన్న మాట పల్లెల్లో కొత్తది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న 30-49 ఏళ్ల మహిళలు మాత్రం, 2019-21 సర్వే ప్రకారం, దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు.

పరీక్ష ఎందుకు చేరలేదు? మన సర్వేలన్నీ ఇంటి గడప పట్టుకుని నడుస్తాయి. 2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న ఆందోళన రేగితే వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. తిరగవలసిందే. కానీ రైస్ మిల్లు షెడ్డులోనో, కాలవ గట్టు మీద పాకలోనో ఉండే వలస కూలీకి ఇక్కడ ఇంటి నంబరు లేదు. సొంతూళ్లో ఆశా కార్యకర్త తలుపు తట్టేనాటికి ఆ ఇంటికి తాళం.

ఊరూరా తిరిగే మనిషికి ఒక్కసారి చేస్తే చాలాకాలం అక్కరకొచ్చే పరీక్ష కావాలి. అది ఉంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేల మంది మహిళలతో చేసిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను గుర్తించే పరీక్ష ఒకే ఒక్కసారి జరిగిన ఊళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. వెనిగర్ రాసి చూసే పద్ధతి ఒక్క విడతతో అంత ఫలితం ఇవ్వలేదు. పైగా హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను మహిళ తన చేత్తో తానే తీసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు దీన్ని సమ్మతించాయి.

దీనికి తోడు నోరు చూడాలి. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగకూ, అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం దశాబ్దాలుగా వైద్యులకు తెలిసినదే. అంగిలి చూడటానికి టార్చిలైటు చాలు. రొమ్ము పరీక్ష ఏఎన్ఎం చేయగలదు.

ఒక హెచ్చరిక మరువరాదు. 2009లో ఖమ్మం జిల్లాలో మొదలైన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో హాస్టల్ బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. టీకా మీద నమ్మకం దెబ్బతింది. మేస్త్రీ తలూపితే ముఠా అంతా ఒప్పుకున్నట్టు కాదు. ఎవరికి వారికి విడమరిచి చెప్పి, ఎవరి సమ్మతి వారి దగ్గరే తీసుకోవాలి.

సార్వా, దాళ్వా ఊడ్పుల రోజుల్లో వైద్య బృందాలు చీకటి పడ్డాక కూలీల బసకు వెళ్లాలి. పగలు వెళితే పరీక్ష ఖరీదు ఆమె రోజు కూలి. ఫలితం సొంతూరి ఆశాకు చేరాలి. తేడా ఉంటే విశాఖలో వైద్యం అందేలా ముందే ఏర్పాటు ఉండాలి. వాళ్లు ఇంటికెళ్లేది ఆ దారినే. గర్భసంచి తీయాలని ఎవరన్నా, ప్రభుత్వాసుపత్రిలో మరో డాక్టరు చూశాకే తీయాలి. డెల్టా పంట ఈ ఆడవాళ్ల చేతుల మీదుగానే పండుతోంది. వాళ్ల ఆరోగ్యం ఏ జిల్లా లెక్కలోదని తేల్చుకోవడానికి సొంత జిల్లాల, డెల్టా జిల్లాల అధికారులు కలిసి కూర్చుంటే, వచ్చే ఊడ్పులకే ఇది మొదలుపెట్టొచ్చు.