మంచం పక్కన నేర్చే చదువు

ఇంటర్ ఫలితాలు రాగానే పల్నాడులోని గురజాల, మాచర్ల వైపు ఎన్నో ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: ‘పిల్లను నర్సింగ్‌లో చేర్పిద్దాం, అదీ క్రిస్టియన్ కాలేజీలో.’ హాస్టల్ కట్టుదిట్టంగా ఉంటుందని, చదువు అయ్యాక ఉద్యోగానికి ఢోకా ఉండదని నమ్మకం. హిందూ, ముస్లిం ఇళ్లలోనూ ఈ నమ్మకం ఉంది. అది ఊరికే పుట్టలేదు. అయితే గేటు మీద పేరు చూసి ఫీజు కట్టేస్తే మాత్రం మోసపోయే రోజులివి.

మిషన్ వైద్యంతో పల్నాటి బంధం పాతది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హైయర్, మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని వచ్చారు. 1849లో గురజాల చేరి అక్కడ పనిచేశారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో స్త్రీలకు ఆసుపత్రి తెరిచారు. నెత్తురు, పురుడు, మలమూత్రాలు ముట్టుకునే పనిని మైలగా చూసిన కాలమది. పై కులాల ఆడవాళ్లు దూరంగా ఉండిపోతే, మిషన్ ఆసుపత్రుల్లో ఆ పనికి ముందుకొచ్చింది ఎక్కువగా మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు, దిక్కులేని వితంతువులు. ఊరి బావి తాకనివ్వని చేతులతోనే కాన్పులు చేయించుకుంది సమాజం. ఈ రుణం గురించి మనం ఇంకా సరిగ్గా మాట్లాడుకోలేదు.

అప్పుడు ముందు ఆసుపత్రి వెలిసింది, దాని అవసరం కోసం శిక్షణ మొదలైంది. ఇప్పుడు ఎన్నోచోట్ల భవనం, బోర్డు, బస్సు ముందు వస్తున్నాయి. బీఎస్సీ నర్సింగ్ కళాశాలకు వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్కన పడకలు చూపాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. కాగితం మీద పడకలు చూపి, పిల్లలను ప్రభుత్వాసుపత్రికి పోస్టింగ్‌కు తోలితే ఒక్క రోగి చుట్టూ గుంపుగా నిలబడటమే మిగులుతుంది.

అలా గుంపులో నిలబడితే ఏం రాదో ఒక్క ఉదాహరణ చాలు. పురుగుమందు తాగినవాళ్లు పల్నాటి ఆసుపత్రులకు కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగినవాడి కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, నోట నురగ కారుతుంది, ఛాతీలో గరగర. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించేకొద్దీ గరగర తగ్గిందా, నాడి ఎంత పెరిగింది, ఒళ్లు పొడిబారిందా అని పదేపదే చూసి రాయాలి. అట్రోపిన్ చాలకపోతే ఊపిరి ఆడదు. ఎక్కువైతే రోగి పిచ్చిమాటలు మాట్లాడుతూ మంచం దిగి పోబోతాడు. ల్యాబ్‌లో బొమ్మ మీద ఇది రాదు. నైట్ డ్యూటీలో సీనియర్ సిస్టర్ పక్కన నిలబడితేనే వస్తుంది.

ఈ క్రిస్టియన్ కాలేజీల వెనుక ఉన్నది, మైనారిటీలు సొంత విద్యాసంస్థలు నడుపుకునేందుకు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు. దాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ ఆ హక్కు ఎవరి కోసం? క్రైస్తవం తీసుకున్న దళితులు ఎస్సీ హోదా కోల్పోయి మన రాష్ట్రంలో బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నారు. నర్సింగ్‌ను నిలబెట్టిన వాళ్ల మనవరాళ్లు వీళ్లే. యాజమాన్య సీట్లు డబ్బున్నవాళ్లకు పోయి, వీళ్లు గేటు బయట నిలబడితే ఆ హక్కుకు అర్థమే లేదు.

జీతాల సంగతి ఇంకా అన్యాయం. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ‘ఇది సేవ’ అంటూ అందులో సగమూ ఇవ్వని యాజమాన్యం, ఏ మతానిదైనా, సేవ పేరు ఎత్తకూడదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. అడ్మిషన్ రోజున ప్రిన్సిపాల్ గదికి వెళ్లేముందు ఆ కళాశాల ఆసుపత్రి వార్డులోకి వెళ్లండి. మంచాల మీద రోగులుంటేనే ఫీజు కట్టండి.