డి-అడిక్షన్ సెంటరులో చేర్చే ముందు

వ్యసనపరుల కుటుంబాలు మా ఓ.పి.కి వచ్చినప్పుడు తరచుగా అడిగే మాట ఒకటుంది. "డాక్టరుగారూ, వీణ్ణి ఎక్కడైనా ఆరు నెలలు పడేయవచ్చా?" ఆ మాట వెనక ఉన్న అలసట మాకు తెలుసు. మెడలోని పుస్తెలు తాకట్టులో ఉంటాయి, పిల్లల ఫీజులు కట్టి ఉండరు, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అందుచేత సెంటరువాళ్ళను వారు రెండే ప్రశ్నలు అడుగుతారు: ఎంత తీసుకుంటారు, ఎన్నాళ్ళు ఉంచుతారు. వీటికంటే ముందు అడగవలసినది వేరే ఉన్నదని మా అభిప్రాయం. మత్తు మానిన మూడో రోజు రాత్రి ఆ మనిషి దగ్గర ఎవరుంటారు?

ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి సంధి పుడుతుంది. ఒళ్ళంతా వణుకు, చెమటలు, జ్వరం. గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, కన్నతల్లినే పోల్చుకోలేరు. దీనిని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. సరైన మందులు సరైన మోతాదులో ఇచ్చి, రోజురోజుకు తగ్గిస్తూ వస్తే చాలామంది క్షేమంగా బయటపడతారు. వీరికి బి1 విటమిన్, అంటే థయామిన్ ఇంజెక్షన్, కూడా అవసరం. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. కాబట్టి బాటిలు పెట్టారు కదా అని తృప్తిపడకండి. డాక్టరు, రాత్రి డ్యూటీకి నర్సు లేని చోట ఇటువంటి వ్యక్తిని గదిలో పెట్టి తాళం వేయటం వైద్యం కాదు.

కల్లు తాగేవారి సంగతి కూడా తేలికగా తీసుకోకూడదు. తెలంగాణలో డయాజిపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన కల్తీ కల్లు అమ్ముతూ పట్టుబడటం కొత్త కాదు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు దొరకకపోయేసరికి నిజామాబాద్ తదితర జిల్లాలలో అనేకులు ఫిట్స్‌తో, పిచ్చి ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము మత్తుమందు మింగుతున్నామని వారిలో ఎందరికి తెలుసు?

గంజాయి మానితే ప్రాణాపాయం ఉండదు. నిద్రలేమి, చిరాకు కొద్దిరోజులు బాధిస్తాయి. కాని కొందరిలో అనుమానాలు, చెవిలో మాటలు మొదలవుతాయి. వారికి మానసిక వైద్యుడు తప్పనిసరి. హెరాయిన్, నొప్పి ఇంజెక్షన్ల సంగతి ఇంకొక రకం. మానేటప్పుడు ఒళ్ళు నొప్పులు, విరేచనాలు భరించలేనంతగా ఉన్నా, అసలు ప్రమాదం ఇంటికి వచ్చాక ఉంటుంది. నెలరోజులు మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, ఒక్కసారికే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే వీరికి బుప్రినార్ఫిన్ వంటి మందుతో ఇంటి దగ్గర ఉంటూనే దీర్ఘకాలం చేసే చికిత్సను మేము సమర్థిస్తాం. "ఒక మత్తు పోయి ఇంకొక మత్తా?" అని అడిగేవారున్నారు. షుగరు ఉన్నవారు రోజూ ఇన్సులిన్ తీసుకుంటే మనం అలా అనం గదా.

అసలు అందరికీ లోపల చేరవలసిన అవసరం లేదు. ఇదివరకు ఫిట్స్ వచ్చినవారు, కాలేయం వంటి ఇతర జబ్బులున్నవారు, చనిపోతానంటున్నవారు, ఇంట్లో చూసుకునే దిక్కులేనివారు చేరాలి. మొదటి వారం పదిరోజులు ఆసుపత్రి వార్డులో గడిపి, ఆ తరువాత కౌన్సెలింగ్ కోసం పునరావాస కేంద్రానికి వెళ్ళటం మంచి పద్ధతి. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ సహాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలూ ఉన్నాయి. ఖర్చు భరించలేనివారు పొలం అమ్మే ముందు వీటిని విచారించాలి. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి కనుక్కోవచ్చు.

ఇక "మీరు ఊ అంటే చాలు, రాత్రి బండి పంపి మా కుర్రాళ్ళే పట్టుకొస్తారు" అనే చోట్లు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక కేంద్రం తగలబడినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక కాలిపోయారు. మృతులు 28 మంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా గొలుసులు వేయటాన్ని నిషేధించింది. తాగుడు, మత్తుమందుల వలన కలిగే మానసిక స్థితులు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. ప్రమాదం ఉన్నప్పుడు రోగి ఒప్పుకోకపోయినా చేర్చే వీలుంది. దానికి అతని నామినీ దరఖాస్తు, విడివిడిగా ఇద్దరు నిపుణుల పరీక్ష కావాలి, మొదట 30 రోజులకు మించకూడదు. రిజిస్ట్రేషన్ చూపించనివారిని, చేరిన తరువాత రోగిని చూడనివ్వమనేవారిని మేము నమ్మం.

అన్నంలో కలిపే పొడులు కూడా అటువంటివే. తాగితే వాంతులయ్యేలా చేసే డైసల్ఫిరామ్ అనే మందు ఉంది. తెలిసి వేసుకుని, తాగకుండా ఉండాలనుకునేవారికి అది సహాయమే. తెలియకుండా పెడితే, అతను బయట తాగి వచ్చినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. భర్త మీద ప్రేమతోనే ఆ పని చేసే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సెంటరులో చేర్చేటప్పుడే ఇంకొకటి అడగండి: ఇంటికి పంపిన తరువాత మళ్ళీ ఎప్పుడు చూస్తారు? తేదీ కాగితం మీద రాయించుకోండి. మళ్ళీ తాగాడంటే చికిత్స వృథా అయిందని కాదు, బి.పి. మళ్ళీ పెరిగినప్పుడు చేసినట్టే మందు, పద్ధతి సరిచూసుకోవాలి. తిట్టి మళ్ళీ బండి పిలిపించే బదులు ఆ తేదీ దాకా ఆగకుండా, ఆ వారంలోనే తీసుకురండి.