నెట్ లేని పీసీలో యాప్ లేటుగా ఓపెన్ అవుతోందా? ఎస్‌ఎస్‌డీ కొనేముందు ఒకసారి కేబుల్ పీకి చూడండి

ల్యాప్‌టాప్ రివ్యూల్లో యాప్ ఎన్ని సెకన్లలో ఓపెన్ అయిందో స్టాప్‌వాచ్ పెట్టి మరీ చెప్తారు. కానీ ఆ టెస్టులన్నీ మంచి వైఫై ఉన్న గదిలో జరిగేవే. నెట్ లేకపోతే అదే యాప్ ఎంతసేపటికి తెరుచుకుంటుంది? ఇది ఎవరూ అడగరు. నన్నడిగితే మా వైపు జనానికి అన్నిటికంటే పనికొచ్చే టెస్ట్ అదే.

మాది పలకలకు పేరున్న మార్కాపురం. ఇక్కడి నుంచి కంభం, గిద్దలూరు దాకా ఏ ఫొటో స్టూడియోకో, డీటీపీ షాపుకో వెళ్లండి, కావాలనే నెట్‌కి దూరంగా పెట్టిన పీసీలు కనిపిస్తాయి. వైరస్ భయం కొంత, పని మధ్యలో అప్‌డేట్లు వచ్చి పడతాయన్న చిరాకు కొంత. రెండు పీసీలు, ఒక ప్రింటర్ రూటర్‌కి కలిపి ఉంటాయి. ఆ రూటర్‌కి మాత్రం నెట్ ఉండదు.

అలాంటి చోట ఒక్కోసారి బిల్లింగ్ ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేస్తే అర నిమిషం దాకా ఉలుకూ పలుకూ ఉండదు. ఎదురుగా కస్టమర్ నిలబడే ఉంటాడు. వెంటనే వచ్చే సలహాలు రెండే: "ఫార్మాట్ కొట్టేద్దాం", "ఎస్‌ఎస్‌డీ వేయిద్దాం". డబ్బులు పెట్టాక కూడా అదే అర నిమిషం. ఎందుకంటే చాలాసార్లు లోపం డిస్క్‌లో లేదు.

అసలు జరిగేది ఇది. చాలా ప్రోగ్రామ్‌లకి తయారీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం వెనకున్న సర్టిఫికెట్ రద్దయిందేమో చూడటానికి సిస్టమ్ ఒక రద్దు జాబితాను నెట్ నుంచి తెచ్చుకోవాలని చూస్తుంది. జవాబు రాకపోతే విండోస్ మామూలుగా ఒక్కో ప్రయత్నానికి 15 సెకన్ల దాకా ఆగుతుంది. దానికి తోడు ప్రోగ్రామ్ సొంతంగా చేసే లైసెన్స్ చెకింగ్, అప్‌డేట్ చెకింగ్ ఉండొచ్చు.

తమాషా ఏంటంటే, కేబుల్ అసలు లేకపోతే ఈ గోల ఉండదు. నెట్‌వర్క్ లేదని సిస్టమ్‌కి వెంటనే తెలిసిపోతుంది, ముందుకెళ్తుంది. రూటర్ ఉండి నెట్ లేనప్పుడే చిక్కు. దారి ఉందనుకుని అడుగుతూ, రాని జవాబు కోసం కూర్చుంటుంది.

ఇదేదో నా ఊహ కాదు. డాట్ నెట్ 2.0 కాలంలో సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లు ఇలాగే లేటవుతాయని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, దాన్ని ఆపే సెట్టింగ్ ఇచ్చింది. డాట్ నెట్ 4 నుంచి ఆ చెకింగ్ మామూలుగా జరగకుండా మార్చింది. పాత విండోస్ గోలే కదా అనుకోకండి. 2020 నవంబర్ 12న, బిగ్ సర్ విడుదలైన రోజు, యాపిల్ చెకింగ్ సర్వర్ నెమ్మదించేసరికి ప్రపంచమంతా మ్యాక్‌లలో యాప్‌లు తెరుచుకోక మొరాయించాయి. వైఫై ఆపేస్తే మాత్రం టక్కున ఓపెన్ అయ్యాయి!

"సెక్యూరిటీ కోసమే కదా" అంటారు. నిజమే. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ దొంగిలించిన సర్టిఫికెట్లు వాడింది, నెట్ లేని కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్ ద్వారా దూరింది. కాబట్టి చెకింగ్ దండగ అని నేను అనను. నా అభ్యంతరం ఎదురుచూపు మీదే. అంతసేపు ఆగి, జాబితా దొరక్కపోయినా, చివరికి ప్రోగ్రామ్ ఎలాగూ ఓపెన్ అవుతోంది. అంటే మన టైమ్ పోయింది, భద్రత రవ్వంత కూడా పెరగలేదు.

మీ దగ్గరున్న పీసీలో ఇలా చూడండి. రీస్టార్ట్ చేసి ప్రోగ్రామ్ ఓపెన్ అవ్వడానికి ఎంత పట్టిందో రాసుకోండి. మళ్లీ రీస్టార్ట్ చేసి, ల్యాన్ కేబుల్ పీకి, వైఫై ఆపి చూడండి. రీస్టార్ట్ తప్పనిసరి, ఎందుకంటే ఏ ప్రోగ్రామైనా రెండోసారి వేగంగానే వస్తుంది. డేటా వేరే పీసీలో ఉంటే ఆ పీసీలోనే ఈ టెస్ట్ చేయండి. కేబుల్ పీకాక 40 సెకన్లు కాస్తా 5 అయితే దొంగ దొరికినట్టే. తేడా లేకపోతే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ చూడండి. అది 100 శాతం దగ్గరే ఉంటే అప్పుడు ఎస్‌ఎస్‌డీ గురించి ఆలోచించండి.

నెట్‌వర్కే కారణమైతే ముందు ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ ఆపండి. ఆ తర్వాత ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "చెక్ ఫర్ పబ్లిషర్స్ సర్టిఫికెట్ రెవొకేషన్" టిక్ తీసి రీస్టార్ట్ చేయండి. ఎప్పటికీ నెట్‌కి వెళ్లని పీసీలో మాత్రమే సుమా. ఎప్పుడైనా నెట్ కలిపితే ఆ టిక్ మళ్లీ పెట్టేయాలి.

కానీ ఈ తిప్పలు షాపు నడుపుకునేవాళ్లు పడాల్సినవి కావు. ముందు విండో తెరిచి, చెకింగ్ వెనకాల చేసుకునేలా ప్రోగ్రామ్ రాయడం డెవలపర్ పని. నెట్ లేని రూటర్‌కి కలిపి కూడా టైమ్ చూసి చెప్పడం రివ్యూ రాసే మా పని. ఇకపై నేను రాసే ప్రతి ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ రివ్యూలో ఆ నంబర్ ఉంటుంది. మీరు కోడ్ రాసేవాళ్లయితే, మీ యాప్‌ని రిలీజ్ చేసేముందు ఒక్కసారి రూటర్ వెనకున్న నెట్ వైరు పీకి ఓపెన్ చేసి చూడండి.