నీట్ సూపర్ స్పెషాలిటీకి ఎస్టీ కటాఫ్ ఎంత అని అడుగుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

పోస్టు కాస్త పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ మెడిసిన్ చదివే మనోళ్లు ఎవరున్నా వాళ్లకి తప్పకుండా పంపండి.

మొన్న మన గ్రూపులోకి ఒక లిస్టు ఫార్వర్డ్ అయి వచ్చింది. "నీట్ ఎస్ఎస్ ఎక్స్‌పెక్టెడ్ కటాఫ్" అని పైన పెద్ద అక్షరాలు, కింద జనరల్, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ అని నాలుగు గడులు, ఒక్కో గడిలో ఒక్కో మార్కు. దాన్ని చూసి ఎండీ ఫైనల్ ఇయర్‌లో ఉన్న ఒక తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మనకి జనరల్ కన్నా బాగా తక్కువే ఉంది కదా, ఈ మార్కులొస్తే సరిపోద్దా?" అని. అతనికి చెప్పిందే ఇక్కడ అందరికీ చెప్తున్నా.

ఆ లిస్టు తప్పు. మార్కులు అటూ ఇటూ అయ్యాయని కాదు, అసలు ఆ గడి పెట్టడమే తప్పు. డీఎం, ఎంసీహెచ్, డీఆర్ఎన్‌బీ సీట్లకి పెట్టే నీట్ ఎస్ఎస్‌లో ఎస్టీ కటాఫ్ అనేది లేదు. ఎస్సీకి లేదు, ఓబీసీకి లేదు. అందరికీ ఒకటే, 50 పర్సెంటైల్. సీట్లలో రిజర్వేషన్ కూడా లేదు. ఎవరో నీట్ పీజీ లిస్టు తీసుకుని హెడ్డింగ్ మార్చి పెట్టారు. వ్యూస్ కోసం చేసే ఇలాంటి పనుల వల్ల నష్టం ఎవరికంటే, ఆ గడిని నమ్మి "నాకు ఇంత చాలు" అని ప్రిపరేషన్ ఆపేసే మనోడికే.

మనం ఎందుకు తేలిగ్గా నమ్ముతామో నాకు తెలుసు. అప్పటిదాకా నడిచొచ్చిన దారి అలాంటిది. ఎంబీబీఎస్‌కి నీట్ యూజీలో జనరల్‌కి 50 పర్సెంటైల్, మనకి 40. పీజీలో కూడా అంతే. సెంట్రల్ కోటాలో మనకి 7.5 శాతం సీట్లు, ఆంధ్రాలో 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. ఆశ్రమ పాఠశాల నుంచి గురుకులం, అక్కడి నుంచి మెడికల్ కాలేజీ దాకా ప్రతి మెట్టు మీదా ఒక ఎస్టీ లిస్టు ఉంటుంది, అందులో మన పేరు వెతుక్కుంటాం. మూడో మెట్టు మీద ఆ లిస్టు ఉండదని మనకి ఎవరూ ముందుగా చెప్పరు. ఇంట్లో డాక్టర్ ఉన్నవాడికి ఎంబీబీఎస్ రోజుల్లోనే తెలిసిపోతుంది. నాకు ఎండీ రెండో ఏడాదిలో తెలిసింది, అది కూడా క్యాంటీన్‌లో ఎవరో మాట్లాడుకుంటుంటే విని.

మరి ఎందుకు లేదు? ఇది కోర్టుల్లో నడిచిన కథ. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులో సుప్రీంకోర్టు కొన్ని రకాల పోస్టుల్లో రిజర్వేషన్ మంచిది కాదంది, వాటిలో వైద్యంలో సూపర్ స్పెషాలిటీలు కూడా ఉన్నాయి. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసు. అది అచ్చంగా కటాఫ్ కేసే. పీజీ ఎంట్రన్స్‌లో జనరల్‌కి 45 శాతం, రిజర్వుడ్‌కి 20 శాతం మార్కులు అని పెడితే, అంత తేడా కుదరదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సూపర్ స్పెషాలిటీ స్థాయిలో అయితే అసలు సడలింపే వద్దంది. 2013లో ఎయిమ్స్ ఫ్యాకల్టీ కేసులో మళ్లీ అదే మాట. అన్నిచోట్లా చెప్పిన కారణం ఒక్కటే: ఈ స్థాయిలో మెరిట్ మాత్రమే చూడాలి, లేకపోతే దేశానికి నష్టం.

సరే, మెరిట్ అన్నారు. మరి ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి.

సూపర్ స్పెషాలిటీ సీట్లు ఏటా వందల్లో మిగిలిపోతున్నాయి. ఒక ఏడాది వెయ్యి దాకా ఖాళీ ఉన్నాయన్న విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సీట్లు ఖాళీగా వదలడానికి వీల్లేదని కోర్టే అంది. అప్పుడు ఏం చేస్తారు? కటాఫ్ దించుతారు. 50 పర్సెంటైల్‌ని 20కి దించిన సందర్భాలు ఉన్నాయి. 20 పర్సెంటైల్ అంటే పరీక్ష రాసినవాళ్లలో అడుగున ఉన్న ఐదో వంతు మంది తప్ప మిగతా అందరూ అర్హులే. పీజీలో అయితే 2023లో ఏకంగా సున్నా పర్సెంటైల్ చేశారు, అన్ని కేటగిరీలకీ. అంటే పరీక్ష రాస్తే చాలు, కౌన్సెలింగ్‌కి రావచ్చు.

1999లో వద్దన్న 20, ఇప్పుడు వచ్చిన 20 ఒకటి కాదు, అది నాకూ తెలుసు. అది మార్కుల శాతం, ఇది పర్సెంటైల్. కానీ లాజిక్ ఒకటే కదా. గోండు పిల్లకో కోయ పిల్లాడికో ఒక సీటు ఇవ్వడానికి కటాఫ్ దించితే దేశానికి ప్రమాదం. కాలేజీలో సీటు ఖాళీగా ఉందని దించితే మాత్రం ఏ ప్రమాదమూ లేదు! కటాఫ్ అంటే డాక్టర్ నాణ్యతకి కొలబద్ద అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. నా దృష్టిలో కటాఫ్ అంటే ఆ ఏడాది ఎన్ని సీట్లున్నాయి, ఎంతమంది పోటీ పడ్డారు అనే లెక్క, అంతే. నాణ్యత తేలేది మూడేళ్లు వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసి రాసే ఎగ్జిట్ పరీక్షలో. అక్కడ ఎవరికీ సడలింపు లేదు, ఎవరూ అడగట్లేదు కూడా. "రిజర్వేషన్ డాక్టర్ చేతిలో ఆపరేషన్ చేయించుకుంటావా" అని హాస్టల్లో వెటకారం చేసేవాళ్లకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

ఇప్పుడు నా సంగతి. చెప్పుకోవడానికి గొప్పగా ఏం లేదు, మీకు పనికొస్తుందని రాస్తున్నా.

ఎండీ జనరల్ మెడిసిన్ అయ్యాక ఏజెన్సీలో ఉద్యోగంలో ఉంటూ నీట్ ఎస్ఎస్ రాశా. నాకు క్లినికల్ హిమటాలజీ మీద ఆశ, అంటే రక్తానికి సంబంధించిన జబ్బుల చదువు. ఎందుకంటే మా వైపు సికిల్ సెల్ ఉంది. కీళ్లనొప్పులు, కామెర్లు అని వచ్చే పిల్లల్లో ఆ జబ్బు ఉన్నవాళ్లని నా చేతులతో చూశా. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 2047కల్లా నిర్మూలిస్తామంటోంది. టెస్టులు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు, మంచిదే. కానీ కార్డు చేతిలో పట్టుకున్న పిల్లని తల్లి ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి? హిమటాలజిస్టు కావాలంటే హైదరాబాదో వైజాగో వెళ్లాలి. రానూపోనూ రెండు రోజుల కూలి పోయినట్టే.

రిజల్ట్ వచ్చింది. నాది 50 పర్సెంటైల్‌కి కింద. నాట్ క్వాలిఫైడ్ అని చూడగానే ఫైల్ కట్టేసి అటక మీద పెట్టేశా. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అందరూ అలాట్‌మెంట్ లెటర్లు పెడుతుంటే చూడలేక బయటికి వచ్చేశా. నిజం చెప్పాలంటే సిగ్గుపడ్డా. కొన్ని నెలలకి ఒక బ్యాచ్‌మేట్ ఏదో పని మీద ఫోన్ చేసి "నువ్వు లాస్ట్ రౌండ్‌లో పెట్టలేదేంట్రా?" అన్నాడు. ఏ రౌండ్ అన్నా. సీట్లు మిగిలితే కటాఫ్ దించారంట, మళ్లీ రిజిస్ట్రేషన్ ఇచ్చారంట, నాకన్నా కింద ఉన్నవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట చేరారంట. అప్పటికే రిపోర్టింగ్ తేదీ దాటిపోయింది. నేను కోరుకున్న సీటే వచ్చేదని అనట్లేదు, రాకపోయి ఉండొచ్చు. కానీ అడగకుండానే వదిలేసుకున్నా. కటాఫ్ అనే మాటని గోడ అనుకున్నా, అది గేటు అని, సీట్లు మిగిలితే తెరుస్తారని తెలియదు. తెలిసినవాళ్లు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

అందుకే ఎక్స్‌పెక్టెడ్ కటాఫ్ వెనక పరిగెత్తడం మానండి అంటున్నా. పరీక్షలో 150 ప్రశ్నలు, 600 మార్కులు. రైటయితే 4, తప్పయితే ఒకటి పోతుంది. పేపర్ కష్టంగా వస్తే మార్కులు పడిపోతాయి, తేలిగ్గా వస్తే పెరుగుతాయి, ముందే మార్కు చెప్పగల మొనగాడు ఎవడూ లేడు. పైగా పర్సెంటైల్ అంటే మార్కుల శాతం కాదు. మీ గ్రూపులో వెయ్యి మంది రాస్తే, 50 పర్సెంటైల్ అంటే ఐదొందల మంది మీ వెనక ఉన్నారని, అంతే. మిగతా ఐదొందల్లో పైన ఉన్నవాడికి సీటు, కిందున్నవాడికి కౌన్సెలింగ్‌లో కూర్చునే హక్కు మాత్రమే. క్వాలిఫై అవడం వేరు, సీటు రావడం వేరు.

చూడాల్సింది క్లోజింగ్ ర్యాంకు. ఎంసీసీ వాళ్లు ప్రతి రౌండ్ తర్వాత అలాట్‌మెంట్ లిస్టు పెడతారు: ర్యాంకు, కోర్సు, కాలేజీ అన్నీ ఉంటాయి. మీరు రాసే గ్రూపువి గత రెండు మూడేళ్ల లిస్టులు దింపుకుని, మీకు కావలసిన కోర్సు ప్రతి రౌండ్‌లో ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఒక కాగితం మీద రాసుకోండి. మెడికల్ గ్రూపులో కార్డియాలజీ, గ్యాస్ట్రో ముందే అయిపోతాయి. సర్జికల్‌లో గుండె ఆపరేషన్ల బ్రాంచి, పిల్లల సర్జరీ లాంటివి చివరిదాకా మిగులుతుంటాయి. ఒక పూట పని ఇది. ఏ యూట్యూబ్ వీడియో చెప్పే అంచనా కన్నా ఇదే నయం.

మిగిలింది కదా అని ఏ బ్రాంచి పడితే ఆ బ్రాంచి తీసుకోకండి. అవి మిగలడానికి కారణాలున్నాయి. రాత్రీ పగలూ డ్యూటీ, నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు, పెద్ద ఆసుపత్రి లేనిదే చేయలేని పని. చేరి వదిలేస్తే డబ్బు పోతుంది, ఒక్కోసారి తర్వాతి అవకాశం కూడా పోవచ్చు. ఆ ఏడాది బులెటిన్ పూర్తిగా చదవండి, బాండు రూల్స్‌తో సహా. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. ఎయిమ్స్, జిప్‌మర్ లాంటి సంస్థలకి ఐఎన్‌ఐ ఎస్ఎస్ అని వేరే పరీక్ష ఉంది, అది మర్చిపోకండి.

"రిజర్వేషనే లేనప్పుడు ఇక మనకెందుకు" అనేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. ఎండీ అయ్యేసరికి ముప్పై దగ్గరకొస్తాం. ఇంట్లో తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి, పోడు భూమి గొడవ అన్నీ మన జీతం కోసం చూస్తుంటాయి. వేరేవాళ్లు ఏడాది ఇంట్లో కూర్చుని చదువుతారు, మనం ఓపీ చూసి వచ్చి రాత్రి చదవాలి. ర్యాంకు అనేది తెలివితో పాటు ఆ ఏడాది ఖాళీ సమయంతో కూడా వస్తుంది, ఇది ఎవరూ కటాఫ్ లెక్కలో వేయరు. నేను కూడా మీ అంత కోపంగానే ఉన్నా. కానీ పోటీలోంచి మనమే తప్పుకుంటే అడిగే నోరు కూడా పోతుంది.

అడగాల్సింది ఏమిటంటే, నా వరకు రెండు. రాజ్యాంగ ధర్మాసనాల తీర్పులు అడ్డం ఉన్నాయి కాబట్టి రిజర్వేషన్ రేపే రాదు, ఆ వాదన వదలకూడదు కానీ దాని కోసం ఆగకూడదు. ఈలోపు ఇంకో దారి ఉంది. తమిళనాడు తన ప్రభుత్వ డాక్టర్ల కోసం సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం ఇన్-సర్వీస్‌కి ఉంచుకుంది, 2022 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఆ ఏడాది అడ్మిషన్లకి అనుమతించింది. అక్కడ కులం కాదు, చేసిన సర్వీసు లెక్క. మన దగ్గర ఏజెన్సీ పీహెచ్‌సీలో వరదలప్పుడు పడవెక్కి వెళ్లి కాన్పులు చేసిన ఏళ్లకి సూపర్ స్పెషాలిటీ సీట్లలో గట్టి విలువ ఉండాలని, తిరిగొచ్చి ఏజెన్సీ జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తామని బాండు రాసేవాళ్లకి ముందు ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనీ అడుగుదాం. రెండోది, ఏటా మిగిలే సీట్ల గురించి. కటాఫ్ అందరికీ దించే రోజున, ఐటీడీఏ పరిధిలో పనిచేసే ప్రతి పీజీ డాక్టర్‌కీ ఆ సమాచారం అదే రోజు చేరాలి. దీనికి ఏ తీర్పూ అడ్డం రాదు, పైసా ఖర్చు లేదు.

ప్రభుత్వం చేసేలోపు మనం చేద్దాం. ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ చదువుతున్నవాళ్లు, అయిపోయినవాళ్లు కింద కామెంట్‌లో మీ బ్రాంచి, ఏ ఏడాది రాస్తారో మాత్రం రాయండి. ఫోన్ నంబర్లు పెట్టొద్దు, నేనే మెసేజ్ చేస్తా. ఎంసీసీ నోటీసులు రోజూ చూసే పని నాది. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో చూడ్డానికి ఇంకో ఇద్దరు కావాలి. నేను కూడా ఈసారి మళ్లీ రాస్తున్నా, అటక మీద ఫైల్ నిన్ననే దించా.