బాయిలర్‌ను సిమ్‌లో పెట్టే తెలివి

బ్రిటన్‌లో చలి మొదలయ్యే వేళకు స్మార్ట్ హీటింగ్ ప్రకటనలూ మొదలవుతాయి. గోడ మీది పాత థర్మోస్టాట్ పీకేసి, ఫోనుతో నడిచే కొత్తది బిగించుకుంటే గ్యాస్ బిల్లు దిగొస్తుందన్నది వాటి సారాంశం. బ్రిటిష్ గ్యాస్ వారి హైవ్ 2013లో వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో గూగుల్ 320 కోట్ల డాలర్లు పోసి నెస్ట్‌ను కొన్నది. ఆ ఏప్రిల్‌కల్లా నెస్ట్ బ్రిటన్ ఇళ్ల గోడలెక్కింది. మ్యూనిక్ నుంచి వచ్చిన తాడో అయితే 31 శాతం దాకా ఆదా అని చాలాకాలం చెప్పుకుంది. కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్కలోంచి వచ్చిన అంకె అది. పైగా ఆ ‘దాకా’ అన్న మాట తన పని తాను చేసుకుపోతుంది. ఈ పరికరాలు పనికిరావని నా వాదన కాదు. వాటిని కొలిచే తీరే తప్పని నా వాదన. ఫోనులో ఎన్ని హంగులున్నాయని కాదు, బాయిలర్‌కు ఏం చెబుతోందని అడగాలి. ఆ ప్రశ్న అడిగే కొనుగోలుదారులు తక్కువ, జవాబు పెట్టె మీద అచ్చువేసే కంపెనీలు అంతకంటే తక్కువ.

మన ఊళ్లలో ఇంటిని వేడిచేసే ఏర్పాటు ఉండదు కాబట్టి ఇది ఎలా పనిచేస్తుందో ఒక్కమాట. అక్కడ ఎక్కువ ఇళ్లకు పైపులో గ్యాస్ వస్తుంది. వంటింటి అల్మరాలోనో మెట్ల కిందో ఉన్న బాయిలర్ ఆ గ్యాస్‌తో నీళ్లు కాచి, గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి తోస్తుంది. వేడి వదిలిన నీళ్లు తిరిగి బాయిలర్‌కే వస్తాయి. హాల్లోనో నడవాలోనో ఉండే థర్మోస్టాట్ గది వేడెక్కిందో లేదో చూసి, చాలనో ఇంకా కావాలనో బాయిలర్‌కు చెబుతుంది. ఇంగ్లండ్ ఇళ్లలో దాదాపు ఐదో వంతు 1919కి ముందు కట్టినవి. గోడల మధ్య ఖాళీ ఉండదు, కిటికీల సందుల్లోంచి గాలి దూరుతుంది, హీటింగ్ ఆపిన కాసేపటికే ఇల్లు చల్లబడుతుంది. అందుకే పొద్దున రెండు గంటలు, సాయంత్రం కొన్ని గంటలు వేసుకోవడం అక్కడి అలవాటు. ఈ వేళలు పెట్టే టైమర్లు స్మార్ట్‌ఫోన్ పుట్టకముందు నుంచీ ఉన్నాయి.

అసలు మెలిక ఇక్కడే. ఎంత ఆదా అన్న ప్రశ్నకు ముందు, దేనితో పోలిస్తే అన్నది తేలాలి. సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు పాతకాలపు వరుస ఇల్లు ఒకటి ప్రయోగశాల లోపలే కట్టి, చుట్టూ కృత్రిమ చలి పుట్టించి పరీక్షించారు. ఏ అదుపూ లేని ఇంటికి మామూలు థర్మోస్టాట్, రేడియేటర్ల మీద తిప్పే వాల్వులు పెడితే ఖర్చు సుమారు 40 శాతం తగ్గింది. పెద్ద లాభమంతా ఆ మొదటి మెట్టులోనే ఉంది. ఆ మెట్టు ఎప్పుడో ఎక్కేసిన ఇంట్లో స్మార్ట్ పరికరానికి మిగిలేది కొసరే. బ్రిటన్‌లోని బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ 2017లో నెస్ట్‌ను మదింపు చేసి, హీటింగ్‌కు వాడే గ్యాస్‌లో 6-7 శాతం మిగులుతుందని తేల్చింది. మరుసటి ఏడాది లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ లోమస్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, స్మార్ట్ కంట్రోళ్లు ఇంధనం ఆదా చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదంది. కాలిఫోర్నియాలో 1,300కు పైగా ఇళ్లలో 18 నెలలు నడిచిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. చెప్పుకోదగ్గ ఆదా ఏమీ కనబడలేదు. కారణం యంత్రంలో లేదు, అది పెట్టిన వేళల్నీ ఉష్ణోగ్రతల్నీ ఇంట్లోవాళ్లే మార్చేసుకుంటూ పోయారు. ఫోను చేతిలో ఉంటే పడకలోంచే రెండు డిగ్రీలు పెంచుకోవడమూ సులువే మరి.

సరే, ఆ 6-7 శాతాన్నే నమ్మి లెక్క వేద్దాం. బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో ఒక సగటు ఇంటికి ఏడాదికి 11,500 యూనిట్ల (కిలోవాట్-గంటల) గ్యాస్ అని లెక్కగట్టింది. వంటకూ స్నానాలకూ పోగా హీటింగ్‌కు ముప్పాతిక వంతు అనుకుంటే, మిగిలేది 560 యూనిట్లు. యూనిట్ ఆరున్నర పెన్నీల చొప్పున ఏటా 36 పౌండ్లు. బిగింపు కూలితో కలిపి పరికరానికి 200 పౌండ్లు అయిందనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఐదున్నరేళ్లు. మరీ అన్యాయమైన బేరమేం కాదు, అన్నాళ్లూ పరికరం వెనక కంపెనీ నిలబడితే. గూగుల్ 2025 అక్టోబరు 25న మొదటి రెండు తరాల నెస్ట్‌లకు మద్దతు ఆపేసింది. 2014లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చినవి ఆ రెండో తరంవే. ఇప్పుడవి గోడ మీద పనిచేస్తాయి, ఫోనుకు పలకవు. ఐరోపాలో కొత్త నెస్ట్ థర్మోస్టాట్లు ఇక తేబోమని కూడా ఆ ఏడాదే చెప్పారు. 2014లో కొన్నవారికి పెట్టుబడి తిరిగొచ్చే ఉంటుంది. ఆఖరి సరుకు తగ్గింపు ధరకు కొన్నవారి సంగతే అనుమానం. 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉన్న బ్రిటన్ చట్టం ప్రకారం, ఇలాంటి పరికరాలకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎన్నాళ్లిస్తారో కంపెనీ ముందే చెప్పాలి. కొనేవాళ్లు నక్షత్రాల రేటింగు కంటే ముందు చదవాల్సింది ఆ తేదీని.

ఇక బాయిలర్ దగ్గరికి వద్దాం. 2005 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్ దాదాపు ప్రతిదీ కండెన్సింగ్ రకమే. గ్యాస్ మండినప్పుడు పుట్టే ఆవిరిని పొగగొట్టంలోకి వదిలేయకుండా నీరుగా మార్చి, అందులోని వేడినీ రాబట్టుకోవడం దాని ప్రత్యేకత. కానీ రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. చాలా ఇళ్లలో బిగించేటప్పుడే నీటి ఉష్ణోగ్రత 75కో 80కో పెట్టి వెళతారు. తిరిగొచ్చే నీళ్లు అరవై దాటే ఉంటాయి. 90 శాతానికి పైగా సామర్థ్యమని కాగితం మీద రాసుకున్న బాయిలర్ ఆ ఇంట్లో ఆ పని ఎన్నడూ చేయదు. దీనికి తోడు, హీటింగ్‌తో పాటు కుళాయి నీళ్లూ అప్పటికప్పుడు కాచే కాంబీ బాయిలర్ అయితే, షవర్‌కు సరిపడా నీళ్లు కాచాలి కాబట్టి 24 నుంచి 30 కిలోవాట్లది పెడతారు. గట్టి చలిలో కూడా ఒక మాదిరి ఇంటికి కావలసింది ఆరో ఎనిమిదో కిలోవాట్లు. మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ ఎంత స్మార్ట్‌దైనా ఈ బాయిలర్‌కు చెప్పగలిగింది రెండే ముక్కలు: వెలుగు, ఆరిపో. మన వంటింట్లో పప్పు ఉడికేటప్పుడు పొయ్యి పూర్తిగా పెట్టి, పొంగబోతుంటే ఆర్పి, మళ్లీ వెలిగించే వాళ్లుండరు, సిమ్‌లో పెడతారు. బయట చలి ఎంతుందో, గది ఎంత వెనకబడిందో చూసి నీళ్ల వేడిని తగ్గించి పెంచే కంట్రోళ్లు చేసేది అదే. ఓపెన్‌థెర్మ్ లాంటి భాష బాయిలర్‌కూ థర్మోస్టాట్‌కూ రెండింటికీ వస్తేనే ఇది కుదురుతుంది. కొన్ని బాయిలర్ కంపెనీలు తమ సొంత భాష తప్ప వేరేది విననివ్వవు. అలాంటి బాయిలర్‌కు మార్కెట్లో పేరు మోసిన థర్మోస్టాట్ తెచ్చి తగిలించినా వెలుగు, ఆరిపోల దగ్గరే ఆగిపోతుంది. ఆ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు.

పైసా ఖర్చులేని మార్గం ఒకటుంది: బాయిలర్ ముందు భాగంలో రేడియేటర్ బొమ్మ ఉన్న మీటను 60కి తిప్పడం. దీనివల్ల 6 నుంచి 8 శాతం గ్యాస్ మిగులుతుందని 2022లో హీటింగ్ పరిశ్రమ సంఘమే అంచనా వేసింది. ఆ డిసెంబరులో ప్రభుత్వమూ ప్రచారంలో పెట్టింది. 200 పౌండ్ల పరికరం ఇచ్చేదీ, మీట తిప్పితే వచ్చేదీ ఇంచుమించు సమానం! నీళ్ల వేడి తగ్గిస్తే ఇల్లు నెమ్మదిగా వేడెక్కుతుందన్నది నిజమే. అరగంట ముందు వేసుకోవాలి, గడ్డకట్టే రోజుల్లో మీట మళ్లీ కాస్త పెంచాలి. రోజూ ఆ తిప్పలు ఎవరు పడతారని అడిగేవారికి నా జవాబు, డబ్బు పెట్టి కొనదగ్గ తెలివి సరిగ్గా అదేనని. అయితే ప్రభుత్వ నిబంధన ఈ తేడాను గుర్తించలేదు. ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి కొత్త కాంబీ బాయిలర్‌తో పాటు నాలుగు ఏర్పాట్లలో ఒకటి తప్పనిసరి చేశారు. పొగలో పోయే వేడిని పట్టడం, బయటి వాతావరణాన్ని బట్టి నీళ్ల వేడి మార్చడం, గది అవసరాన్ని బట్టి మార్చడం, లేదంటే తనంతట తాను సర్దుకునే స్మార్ట్ కంట్రోల్. మంటను సిమ్‌లో పెట్టేదాన్నీ, ఫోనుతో ఆన్-ఆఫ్ చేసేదాన్నీ ఒకే గాటన కట్టారు. సాయంత్రంలోగా పని ముగించుకుపోవాల్సిన గ్యాస్ ఇంజనీర్‌కు ఏది సులువో ఊహించడం కష్టం కాదు. జర్మనీలో వాతావరణాన్ని బట్టి సర్దుకోవడం దశాబ్దాలుగా మామూలు సంగతి.

సగటు అంకెలు చూపి అందరినీ ఒకే తక్కెడలో తూస్తున్నారన్న అభ్యంతరం రావచ్చు. వేళాపాళా లేని ఉద్యోగాలవాళ్లకూ, వాడని గదులున్న పెద్ద ఇళ్లకూ లాభం ఎక్కువేనని ఒప్పుకుంటాను. లఫ్‌బరోలోనే 1930ల నాటి జంట ఇళ్లలో పక్కపక్కనే ఎనిమిది వారాలు పరీక్ష చేశారు. గదిగదికీ వేర్వేరు వేళలు పెట్టిన ఇంట్లో గ్యాస్ 11.8 శాతం తక్కువ కాలింది. ఇది చేతికొచ్చిన కొలత, ప్రకటన కాదు. కానీ అదే పరీక్షలో ఆ ఇంటి బాయిలర్ సామర్థ్యం 2.4 శాతం పాయింట్లు పడిపోయిందని కూడా రాశారు. రెండు రేడియేటర్ల కోసం పెద్ద మంట వెలిగించినప్పుడు జరిగేది అదే. గదుల వాల్వులు ఎంత తెలివైనవైనా, బాయిలర్‌కు ఆ తెలివి అందకపోతే సంపాదనలో కొంత తిరిగి కట్టేయాల్సిందే.

డబ్బు సంగతి సరే, సౌకర్యానికి విలువ లేదా అంటే, తప్పకుండా ఉంది. ఒంటరిగా ఉండే ముసలి తల్లి గది 18 డిగ్రీల కంటే చల్లబడిందని వంద మైళ్ల దూరాన కొడుక్కి తెలియడం చిన్న విషయం కాదు. కనీసం 18 ఉండాలన్నది అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ సలహా. అయితే ఆ సౌకర్యం ఎవరి చేతిలో ఉందన్నది మరో ప్రశ్న. బిల్లులు కూడా అద్దెలోనే కలిపేసిన ఇళ్లలో థర్మోస్టాట్‌కు తాళం వేసి, ఫోను యజమాని దగ్గర పెట్టుకునే పద్ధతి ఉంది. చలికి వణికేది ఒకరు, డిగ్రీలు నిర్ణయించేది ఇంకొకరు. ఇంట్లో ఒకరు మరొకరిని వేధించడానికి ఇలాంటి పరికరాలు సాధనమవుతున్నాయని బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి 2023లో హెచ్చరించింది. సౌకర్యంగా అమ్మితే సౌకర్యంగానే తూచుకుందాం, పర్యావరణ పుణ్యం కింద జమకట్టక్కర్లేదు.

గ్యాస్ బాయిలర్లే పోతున్నప్పుడు ఈ చర్చ ఎందుకనేవారూ ఉన్నారు. హీట్ పంపు పెట్టుకుంటే 2023 అక్టోబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో 7,500 పౌండ్ల సాయం ఇస్తున్నారు కూడా. కానీ హీట్ పంపు విషయంలో నా వాదన ఇంకా బలపడుతుంది. అది 35, 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లతో గంటల తరబడి నిదానంగా నడిస్తేనే కిట్టుబాటు. దాని లోపలే వాతావరణాన్ని బట్టి సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. పైనుంచి బయటి థర్మోస్టాట్ ఒకటి తగిలించి ఆన్, ఆఫ్ అంటుంటే బిల్లు పెరుగుతుంది. అక్కడ స్మార్ట్ కంట్రోల్‌కు మిగిలే నిజమైన పని, కరెంటు చవగ్గా దొరికే గంటల్లో ఇంటిని కాస్త ముందే వేడిచేసి పెట్టడం. దాన్ని చక్కగా చేసే పరికరానికి డబ్బు పెట్టడంలో నాకు అభ్యంతరం లేదు.

లండన్ ఈస్ట్‌హామ్‌లోనూ, రెడింగ్, స్లౌ, మాంచెస్టర్‌లలోనూ అద్దె ఇళ్లలో ఉండే తెలుగువాళ్లకు గోడ మీది థర్మోస్టాట్ మార్చాలంటే యజమాని అనుమతి కావాలి. బాయిలర్ ముందున్న మీటకు అక్కర్లేదు. ఈ చలికాలం ఏ పరికరమూ కొనకముందు ఆ మీట ఎక్కడుందో చూడండి. కొనే ఉద్దేశం ఉంటే అమ్మేవాణ్ని రెండే అడగండి: ఇది నా బాయిలర్ నీళ్ల వేడిని మార్చగలదా, అప్‌డేట్లు ఏ ఏడాది దాకా ఇస్తారు? ఒక్క జాగ్రత్త. ఇదంతా కాంబీ బాయిలర్ ఉన్నవారికి. వేడినీళ్లు నిలవుంచే సిలిండర్ ఉన్న ఇంట్లో మాత్రం మీట 60కి దించొద్దు, సిలిండర్ నీళ్లు 60 కంటే తగ్గితే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.