జీర్ణతకూ హేతువుండాలి

కారణం లేనిదే కార్యం లేదన్న సూత్రం అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ యుద్ధట్యాంకుకూ వర్తిస్తుంది. స్కేల్ మోడల్ నిర్మాతలు అసలు యంత్రాన్ని నియత నిష్పత్తిలో కుదించి, వర్ణలేపనం చేసి, అంతిమంగా దానికి వయస్సును ఆపాదిస్తారు. ధూళి, తుప్పు, నూనె మరకలు, పెచ్చులూడిన రంగు మొదలైన జీర్ణతాచిహ్నాల చిత్రణకు వెదరింగ్ అని వ్యవహారం. పలుచని ముదురు వర్ణద్రవాన్ని పూసి సంధిరేఖలలో నిలిచేట్లు చేయటం వాష్. 1980 దశకంలో బెల్జియం దేశీయుడైన ఫ్రాంస్వా వెర్లిండెన్ వంటివారి కృషివల్ల ఈ ప్రక్రియలు విశేష ప్రాచుర్యం పొందాయి. నేడు వీటిలో హస్తనైపుణ్యానికి కొదవ లేదు. కొరవడినది హేతువిచారణ, దానికి సాధనమైన పరీక్ష.

ట్యాంకుల నమూనాలకు 1/35 నిష్పత్తి ప్రసిద్ధం. ఆ కొలతలో 1 మిల్లీమీటరు పెచ్చు, అసలు యంత్రంపై 35 మిల్లీమీటర్ల గాయానికి సమానం. అదే చుక్క 1/72 విమానంపై 72 మిల్లీమీటర్లవుతుంది. అల్యూమినియానికి ఎర్రని తుప్పు పట్టదు. అయినా లోహవిమానాల రెక్కలపై తుప్పుచారలు దిద్దేవారున్నారు. నిత్యం నేలతో ఒరుసుకొనే ట్రాకు పట్టీల అంచులు మెరుగెక్కుతాయి. వాటినీ గోధుమవర్ణంతో కప్పివేసేవారున్నారు. అవి కంటికి ఇంపుగా ఉండవచ్చు, కాని యంత్రం గడిపిన జీవితాన్ని గూర్చి అసత్యం పలుకుతాయి.

పరీక్షకు ప్లాస్టిక్ చెంచాను వాడటం ఈ కళాకారులలో పరిపాటి. వర్ణచ్ఛాయను తెలుసుకొనటానికి అది చాలు, వాష్‌కు చాలదు. వాష్ సన్నని గీతల వెంట తనంత తాను ప్రవహించాలి, చెంచాకు ఆ గీతలు లేవు. విరిగిపోయిన పాత నమూనాయే ఇందుకు యోగ్యమైన పరీక్షాఫలకం. దానిపై ప్రైమర్, మూలవర్ణం, వార్నిష్, వాష్ అన్నీ అసలు నమూనాకు ఉద్దేశించిన క్రమంలోనే పడాలి. సగభాగంపై మెరుపు వార్నిష్, సగభాగంపై మ్యాట్ వార్నిష్ పూస్తే భేదం ప్రత్యక్షమవుతుంది. నున్నని తలంపై వాష్ రేఖననుసరిస్తుంది, గరుకుతలంపై వ్యాపించి మరకగా మిగులుతుంది. ఎనామెల్ వాష్‌లోని ద్రావకం అడుగున ఉన్న ఎనామెల్ రంగును కరిగించవచ్చు, అతుకులలో నిలిచిపోతే ప్లాస్టిక్‌నే పగులగొట్టవచ్చు. పరీక్షకు ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చాలి. తడిగా ఉన్నప్పటి రూపం ప్రమాణం కాదు. ఆరిన పిమ్మట, తుది వార్నిష్ పడిన పిమ్మట కనిపించేదే ప్రమాణం.

ఇంతటి పరీక్ష కళలోని సహజత్వాన్ని హరిస్తుందని ఒక ఆక్షేపం. అనుకోకుండా ఏర్పడిన మరక ఒక్కొక్కసారి మనోహరంగా ఉంటుందన్నది వాస్తవమే. అయితే ఆ యాదృచ్ఛికతకు కూడా ముందుగా చోటివ్వగలిగేది పాత ముక్కయే. అక్కడ చెడినా నష్టం లేదు, కుదిరితే అది విద్యగా మిగులుతుంది. అనుభవజ్ఞులకు పరీక్ష అనవసరమన్న వాదమూ నిలువదు. క్రొత్త సీసా తెరిచినా, ద్రావకం పాలు మారినా, పూర్వానుభవం అనుమానంగానే మిగులుతుంది. మాసాల శ్రమను ఒక్క సాయంత్రపు తొందరకు పణంగా పెట్టటం ధైర్యం కాదు.

నమూనాపైని ఏ మరకనైనా చూపి "ఇది ఎట్లు వచ్చింది?" అని ఒక బాలుడు ప్రశ్నిస్తే నిర్మాత వద్ద సమాధానముండాలి. సమాధానం లేని మరకను ఆ పాత ముక్కపైనే విడిచిపెట్టటం వివేకం.