ఉత్త చేతులకు ఉన్న బలం

కథలలో వీరుణ్ణి వర్ణించేవారు ముందుగా అతని ఆయుధాన్ని వర్ణించడం పరిపాటి. కాని ఆ ఆయుధమే చేజారిపోతే? కారాగారంలో పడినవాడు, రాజసభ ద్వారం వద్ద కత్తి అప్పగించి లోపలికి వెళ్ళినవాడు, నదిలో సర్వస్వం పోగొట్టుకొని ఒడ్డు చేరినవాడు: వీరికి మిగిలేది పిడికిలి మాత్రమే. ఆ పిడికిలికి ఎంత విలువ కట్టాలన్న ప్రశ్నతో అర్ధశతాబ్దంగా కుస్తీ పడుతున్న ఆట ఒకటి ఉన్నది. దాని పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఈ ఆటను రూపొందించి వెలువరించారు. కొందరు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపే సూత్రధారి. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. తలపెట్టిన సాహసం ఫలించినదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. ప్రతి పాత్రకూ ఒక వృత్తి ఉంటుంది. ఆటగాళ్ళు దానిని ‘క్లాస్’ అంటారు. యోధుడు, మాంత్రికుడు, దొంగ, సన్యాసి మొదలైనవి అట్టి వృత్తులే. అనుభవంతో పాత్ర స్థాయి పెరిగేకొద్దీ ఆ వృత్తికి చెందిన విద్యలు ఒక్కొక్కటిగా అబ్బుతాయి.

2014లో వచ్చిన అయిదవ కూర్పు నియమాలలో సామాన్యుని పిడికిలి విలువ అత్యల్పం. పొడవాటి ఖడ్గం తగిలితే ఎనిమిది ముఖాల పాచిక వేసి గాయాన్ని లెక్కిస్తారు. పిడిగుద్దుకు అసలు పాచికే లేదు. గాయం ఒక్కటి, దానికి దేహబలాన్ని బట్టి వచ్చే అదనపు అంకె, అంతే. బలం సాధారణమైనదైతే గుద్దు తగిలినా శత్రువుకు జరిగే నష్టం ఒక్క అంకె మాత్రమే. ఈ లోటును పూడ్చేది సన్యాసి వృత్తి. ఆటగాళ్ళు అతనిని ‘మాంక్’ అని పిలుస్తారు.

ఈ వృత్తి మొదట 1975లో ‘బ్లాక్‌మూర్’ అనే అనుబంధ గ్రంథంలో కనిపించింది. 1978 నాటి ఆటగాళ్ళ గ్రంథంలోనూ చోటు దక్కించుకున్నది. ఆ రోజులలో పై అంతస్తులకు ఎక్కదలచిన సన్యాసి అప్పటికే ఆ పదవిలో ఉన్నవానిని పోరులో ఓడించవలసి వచ్చేది. 1989 నాటి రెండవ కూర్పులోని ప్రధాన గ్రంథంలో ఈ వృత్తికి స్థానం లేకపోయింది. 2000లో వచ్చిన మూడవ కూర్పు దానిని తిరిగి ప్రవేశపెట్టింది.

2014 నియమాల ప్రకారం సన్యాసి గుద్దుకు మొదటి స్థాయిలో నాలుగు ముఖాల పాచిక లభిస్తుంది. అయిదవ స్థాయిలో అది ఆరు ముఖాలకు, పదకొండులో ఎనిమిదికి, పదిహేడులో పదికి పెరుగుతుంది. దేహబలానికి బదులు చురుకుదనాన్ని లెక్కలోకి తీసుకొనే వెసులుబాటు కూడ ఉన్నది. కనుక బక్కపలుచని మనిషి సైతం గట్టి దెబ్బ వేయగలడు. రెండవ స్థాయి నుండి ‘కీ’ అనే అంతశ్శక్తి లభిస్తుంది. ఎన్నవ స్థాయి అయితే అన్ని కీ బిందువులు. ఒక బిందువు వెచ్చిస్తే మామూలు దాడి వెంటనే మరి రెండు గుద్దులు గుద్దవచ్చు. అయిదవ స్థాయిలో ఒక బిందువుతో శత్రువును నిశ్చేష్టుని చేసే ప్రయత్నం చేయవచ్చు. ఆరవ స్థాయి చేరేసరికి, సాధారణ ఆయుధాలకు లొంగని భూతాలపై కూడ అతని పిడికిలి మంత్రాయుధంవలె పనిచేస్తుంది.

లెక్క చూస్తే సంగతి స్పష్టమవుతుంది. అయిదవ స్థాయి సన్యాసికి చురుకుదనం వల్ల వచ్చే అదనపు అంకె నాలుగు అనుకుందాం. ఆరు ముఖాల పాచిక సగటు మూడున్నర. కనుక గుద్దు ఒక్కింటికి సగటున ఏడున్నర. కీ వెచ్చిస్తే ఒక వంతులో నాలుగు గుద్దులు. అన్నీ తగిలితే గాయం 30. అంతే చేవ ఉన్న సామాన్యుడు ఒక వంతులో ఒకే గుద్దు గుద్దగలడు. దాని గాయం 5.

అయితే ఈ విద్య ఉచితంగా రాదు. కవచం తొడిగినా, డాలు పట్టినా సన్యాసి యుద్ధవిద్య పనిచేయదు. అయిదు కీ బిందువులు అయిదు వంతులలోనే హరించుకుపోవచ్చు. అవి తిరిగి రావాలంటే కనీసం ఒక గంట విశ్రాంతి కావాలి. గుద్దులు పెంచుకోవాలా, శత్రువును స్తంభింపజేయాలా, తప్పుకొని ప్రాణం కాచుకోవాలా అని ప్రతి వంతులోనూ ఎంచుకోవలసిందే.

తక్కిన వృత్తులవారికీ దారులు లేకపోలేదు. బార్బేరియన్ ఆవేశం తెచ్చుకుంటే, దేహబలంతో కొట్టే ప్రతి దెబ్బకూ ఆరంభ స్థాయిలలో రెండు అంకెలు కలుస్తాయి. మల్లుని పట్టులోనూ అతనిది పైచేయి అవుతుంది. 2020లో వెలువడిన ఒక అనుబంధ గ్రంథం యోధునికి ముష్టియుద్ధ శైలిని అనుగ్రహించింది. దానితో గుద్దుకు ఆరు ముఖాల పాచిక, రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఎనిమిది ముఖాల పాచిక లభిస్తాయి.

రెండు వృత్తులను కలపదలచినవారు మాత్రం నియమాలను జాగ్రత్తగా చదవాలి. దొంగ చాటుదెబ్బకు తగిన ఆయుధం కావాలి. పిడికిలి ఆయుధంగా లెక్కకు రాదు. కనుక మొదట బాకుతో పొడిచి, ఆ తరువాత పిడికిలికి పని చెప్పడం తెలివైన పద్ధతి. అయిదవ స్థాయిలో అబ్బే రెండవ దాడి రెండు వృత్తుల నుండి వచ్చినా రెట్టింపు కాదు. అందుచేత ఒక వృత్తిలో అయిదవ స్థాయి చేరిన పిమ్మటనే రెండవ దానిలో అడుగిడడం మేలు.

2024లో సవరించిన నియమాలు సన్యాసికి మరింత ఉదారంగా ఉన్నాయి. పాచిక ఆరు ముఖాలతో మొదలై పన్నెండు ముఖాల వరకు పెరుగుతుంది. ‘కీ’ అన్న పేరు పోయి ఏకాగ్రతను సూచించే ‘ఫోకస్’ అన్న పేరు వచ్చింది.

ఇన్ని లెక్కల వెనుక ఉన్నది న్యాయానికి సంబంధించిన ఒక సమస్య. కత్తి పోయిన పాత్ర వల్ల దాని ఆటగాడు కూడ ఆ పూటంతా ప్రేక్షకునిగా మిగిలిపోరాదు. ఆయుధం లేకుండా వచ్చినవాడు తోటివారికి భారం కారాదు. అట్లని ఆయుధం మోసేవానిని చిన్నబుచ్చనూ రాదు. 1975 నుండి నేటి వరకు నియమకర్తలు పిడికిలి విలువను పెంచుతూ, తగ్గిస్తూ, సవరిస్తూ వచ్చినది ఈ తూకం కోసమే. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతి ఒక్కరి వంతుకూ విలువ ఉన్నప్పుడే ఆట రక్తి కడుతుంది.